మడుగు అడిగే ప్రశ్న

ఒకే కీబోర్డు ముందు ఇద్దరు పిల్లలు కూర్చుంటారు. ఒకరి వేళ్లు బాణం గుర్తుల మీద, ఇంకొకరివి ఎడమవైపు అక్షరాల మీద. తెర మీద ఒక పాడుబడ్డ గుడి. అందులో నిప్పుతో చేసిన అబ్బాయి, నీటితో చేసిన అమ్మాయి. దారి పొడవునా మూడు రకాల మడుగులు. ఎర్రగా కుతకుతలాడే మడుగులోంచి అబ్బాయి హాయిగా నడిచిపోతాడు. అమ్మాయి కాలు పెడితే ప్రాణం పోతుంది. నీలం మడుగు అమ్మాయికి దారి, అబ్బాయికి చావు. ఇక మూడోది ఆకుపచ్చది. అందులో ఎవరు దిగినా అంతే సంగతులు. ఇద్దరిలో ఏ ఒక్కరు పోయినా ఆట ఇద్దరికీ మొదటికి వస్తుంది. ఒక్కరు గుమ్మం చేరితే చాలదు, ఇద్దరూ తమ తమ తలుపుల దగ్గర నిలబడాలి.

2009లో ఒస్లో ఆల్బెట్ రూపొందించిన ఈ ఆట పేరు 'ఫైర్‌బాయ్ అండ్ వాటర్‌గర్ల్'. బ్రౌజర్‌లో పైసా ఖర్చు లేకుండా ఆడుకోవచ్చు గనక బడి కంప్యూటర్ గదుల నుంచి ఇళ్ల దాకా పాకింది. పెద్దలు చాలామంది దీన్ని పిల్లల కాలక్షేపం కింద లెక్కగడతారు. నిజానికి ఆ మూడు మడుగులూ పెద్ద పెద్ద పండితులు తలలు పట్టుకున్న ప్రశ్నల్నే ముందు పెడుతున్నాయి. విషం అనేది వస్తువులో ఉంటుందా, దాన్ని తాకినవాడిలో ఉంటుందా? ఒకరికి బతుకుబాట అయినది పక్కవాడికి చావు ఎలా అవుతుంది? యుక్తిగా వాడితే విషమూ మందవుతుందని, తెలియక వాడితే మందే విషమవుతుందని చరక సంహిత ఏనాడో తేల్చింది. ఎవరి స్వభావానికి తగిన దారి వారిదనే విషయం మీద గీత మూడో అధ్యాయంలోనూ, పద్దెనిమిదో అధ్యాయంలోనూ చర్చ ఉంది.

అయితే స్వభావం అనే మాట ఎత్తగానే దాన్ని పుట్టుకకు ముడిపెట్టి, నీ దారి నీది, నా దారి నాది అని గోడ కట్టేయడం మన దేశంలో పాత రోగం. ఈ ఆట ఆ గోడను ఒప్పుకోదు. అబ్బాయి ఎర్ర మడుగు దాటి అవతల మీట నొక్కితేనే అమ్మాయి ముందున్న గేటు లేస్తుంది. స్వభావాలు వేరైనందువల్లే ఒకరికొకరు అవసరమయ్యారు. స్వధర్మం గురించి వేదికలెక్కి మాట్లాడేవారిలో చాలామంది మరిచిపోయే సగం ఇదే.

పజిల్ ఆటల్లోకి ప్రాణాంతకమైన ద్రవం ఎందుకు వచ్చిందో తెలియాలంటే 'పోర్టల్' దగ్గరికి వెళ్లాలి. అమెరికాలోని వాల్వ్ సంస్థ 2007లో తెచ్చిన ఆట ఇది. ఛెల్ అనే యువతి ఒక ప్రయోగశాలలో చిక్కుకుపోతుంది. గ్లాడోస్ అనే యంత్రం ఆమెను గది తర్వాత గదిలో పరీక్షకు పెడుతుంది. ఛెల్ చేతిలోని పరికరంతో గోడల మీద రెండు ద్వారాలు తెరవచ్చు. ఒకదాంట్లో దూరితే రెండోదాంట్లోంచి బయటపడుతుంది. ఎంత ఎత్తు నుంచి పడ్డా ఆమెకు దెబ్బ తగలదు, కాళ్లకు అమర్చిన స్ప్రింగులు కాచుకుంటాయి. ఎత్తు నుంచి దూకి, ఆ పడే వేగంతోనే ఇంకో ద్వారంలోంచి దూరంగా ఎగిరిపోవడం ఈ ఆటకు ఆయువుపట్టు. కాబట్టి పడితే చావు అనే నియమం పెట్టడం కుదరదు. మరి గొయ్యి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే కదా? అందుకే గొయ్యి అడుగున మురికిరంగు విషద్రవం నింపారు. దాన్ని తాకితే ఛెల్ చనిపోతుంది. ఆ ద్రవం లేకపోతే గదిలో చిక్కుముడే లేదు. తాపీగా కిందికి దిగి అవతలి గట్టు వెతుక్కోవచ్చు.

తెలుగు పిల్లలకు ఈ సూత్రం కంప్యూటర్లు రాకముందే తెలుసు. నేల-బండ ఆటలో దొంగ 'నేల' కోరుకున్నాడంటే మిగతావాళ్లకు అరుగులూ, రాళ్లూ తప్ప దిక్కులేదు. అప్పటిదాకా పొర్లి ఆడుకున్న నేలే క్షణంలో నిప్పుల మడుగై కూర్చుంటుంది. నేల మారలేదు, నలుగురూ కలిసి చేసుకున్న ఒప్పందం దాన్ని మార్చింది. కెనడాలో బోధించిన తత్వవేత్త బెర్నార్డ్ స్యూట్స్ 1978లో అచ్చయిన తన పుస్తకంలో ఆటకు ఇచ్చిన నిర్వచనం కూడా ఇలాంటిదే. అక్కర్లేని అడ్డంకిని ఇష్టపడి నెత్తిన వేసుకుని, దాన్ని దాటడానికి పాటుపడటమే ఆట అని ఆయన వాదన.

ఇక్కడే ఆటలోని మడుగుకూ, పురాణంలోని మడుగుకూ తేడా మొదలవుతుంది. గరుడ పురాణంలో యమపురికి పోయే దారిలో వైతరణి ఉంది. నెత్తురూ చీమూ పారే ఆ నది పాపం చేసినవాడికి భయంకరంగా ఉంటుంది; గోదానం చేసినవాణ్ణి ఆవు దాటిస్తుందని నమ్మకం. అంటే ఆ నది మనిషిని గుర్తుపడుతుంది, అతని చిట్టా తెలిసినట్టే మసలుతుంది. పోర్టల్‌లోని ద్రవానికి ఎవరి చిట్టాతోనూ పనిలేదు. ఛెల్ మంచిదా చెడ్డదా అని అది అడగదు. తప్పటడుగు వేసిందా లేదా అన్నదే లెక్క. పాపం లేనిచోట పడిన ఈ చావును శిక్ష అనడానికి వీల్లేదు. గురువు పలక మీద తప్పు లెక్కను చెరిపేసి మళ్లీ చెయ్యమన్నట్టు, ఆ ద్రవం అడిగిన ప్రశ్ననే మళ్లీ అడుగుతుంది.

2011లో వచ్చిన 'పోర్టల్ 2'లో ద్రవాల కథ ఇంకో మలుపు తిరిగింది. ఆ ప్రయోగశాల స్థాపకుడు కేవ్ జాన్సన్ చంద్రశిలలు కొని పొడి కొట్టించి తెల్లటి జిగురు ద్రవం తయారుచేయిస్తాడు. ఆ ధూళి విషమై అతన్నే మంచాన పడేస్తుంది. కానీ ఆ తెల్ల ద్రవం పూసిన చోటల్లా ద్వారం తెరుచుకుంటుంది. చివరి ఘట్టంలో ఛెల్ ఏకంగా ఆకాశంలోని చంద్రుడి మీదే ద్వారం తెరిచి గండం గట్టెక్కుతుంది. విషం నుంచే మోక్షం దొరికే ఈ దారి తెలుగువాళ్లకు కొత్త కాదు. తిరుపతి జిల్లా నాగలాపురం దగ్గర సురుటుపల్లిలో పల్లికొండేశ్వరుడి ఆలయం ఉంది. అక్కడ శివుడు లింగరూపంలో కాక, పార్వతి ఒడిలో తల పెట్టుకుని పడుకుని కనిపిస్తాడు. హాలాహలం తాగాక సేదతీరుతున్న శివుడని స్థలపురాణం. పాలకడలిని చిలికితే అమృతం కన్నా ముందు విషమే పైకి వచ్చింది. దాన్ని వదిలేస్తే లోకాలు కాలిపోతాయి, మింగితే లోపలి లోకాలు కాలిపోతాయి. శివుడు మింగనూ లేదు, కక్కనూ లేదు, గొంతులో నిలిపాడు. రెండు దారులూ మూసుకుపోయినచోట మూడో దారి కనిపెట్టడం పజిల్ ఆడే ప్రతివాడూ మొక్కవలసిన విద్య.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని ప్లేడెడ్ సంస్థ 2010లో తెచ్చిన 'లింబో' ఇంత వెచ్చగా ఉండదు. అంతా నలుపు, తెలుపు, మధ్యలో పొగమంచు. సోదరిని వెతుక్కుంటూ ఒక పిల్లవాడు అడవిలో నడుస్తాడు. వాడికి ఈత రాదు. నీళ్లు తలదాటితే మునిగిపోతాడు. ఆ మునగడాన్ని ఆట తొందరగా దాటేయదు. కళ్లల్లో వెలుగు ఆరిపోయేదాకా చూపిస్తుంది. కాసేపటికి వాడు కొంచెం వెనక నిలబడి ఉంటాడు, ఏమీ జరగనట్టు. చచ్చి చూస్తేనే దారి తెలిసే ఈ పద్ధతి ఆ సంస్థ తెలిసి ఎంచుకున్నదే.

పేరులోనే మతం ఉంది. లాటిన్‌లో లింబస్ అంటే అంచు. బాప్తిస్మం పొందకుండా చనిపోయిన పసిపిల్లలు నరకానికీ పోక, దేవుణ్ణి చూసే భాగ్యమూ లేక, ఒక అంచున ఉండిపోతారని మధ్యయుగపు కథోలిక పండితులు కొందరు ఊహించారు. ఎన్ని లక్షల తల్లుల గుండెల్లో ఈ ఊహ ముల్లై దిగి ఉంటుందో! 2007లో వాటికన్‌కు చెందిన అంతర్జాతీయ వేదాంత సంఘం ఈ విషయం మీద ఒక పత్రం ప్రచురించింది. ఆ పిల్లలకు రక్షణ దొరుకుతుందని ఆశపడటానికి బలమైన ఆధారాలున్నాయని, లింబో అన్నది చర్చి ఏనాడూ తప్పనిసరి సిద్ధాంతంగా ప్రకటించినది కాదని అందులో చెప్పారు. తలను తాకవలసిన నీళ్లు తాకనందుకు ఆ అంచున నిలిచిపోయిన పిల్లలు వాళ్లు. అదే పేరున్న ఆటలో నీళ్లు తలదాకా రావడమే చావైంది.

ప్లేడెడ్ 2016లో విడుదల చేసిన 'ఇన్‌సైడ్' ఈ ముడిని ఇంకొంచెం విప్పుతుంది. అక్కడా ఒక పిల్లవాడే. నీటి అడుగున పొడవాటి జుట్టున్న ఒక ఆకారం వాడి వెంటపడుతుంది. దొరికితే కిందికి ఈడ్చుకుపోతుంది. ఆడేవాడు దానికి వణికిపోయి ఎన్నోసార్లు తప్పించుకుంటాడు. చివరికి ఒకచోట తప్పించుకునే వీలుండదు. అది వాణ్ణి పట్టుకుని లోతుకు లాగి, ఒంటికి ఏదో తగిలిస్తుంది. అప్పటి నుంచి వాడు నీళ్లలో ఊపిరి తీసుకోగలడు. ఇంతకాలం మృత్యువనుకున్నది దీక్ష ఇచ్చి పోయింది.

నీటిలో మునగడం చావుకూ, లేవడం కొత్త బతుకుకూ గుర్తు అన్నది క్రైస్తవంలో మొదటి నుంచీ ఉన్న భావం. తెలుగునేల మీద దానికి పెద్ద సాక్ష్యమే ఉంది. 1878 జులై 3న, ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో, తెలుగు బోధకులే నీళ్లలో నిలబడి ఇద్దరిద్దరుగా వంతులేసుకుని వారిని ముంచి లేపారు. ఎక్కువమంది మాదిగలు. అంతకు ముందటి రెండేళ్లూ గొప్ప కరువు. ఆకలితో జనం పిట్టల్లా రాలిపోయిన కాలం అది. ఆ ఏట్లోంచి లేచినవాళ్లకు ఒంటి మీద నీళ్లు ఆరకముందే ఊరిలో స్థానం మారిపోలేదు. కానీ తమను తాము చూసుకునే చూపు మారింది.

లింబోలో పిల్లవాడు లేచినప్పుడు ఏం మారింది? వాడిలో ఏమీ మారలేదు. వాడికి చచ్చిన సంగతే గుర్తులేదు, అదే గట్టు మీద అదే అమాయకత్వంతో నిలబడతాడు. గుర్తున్నది ఆడేవాడికి. మన పునర్జన్మ విశ్వాసంలో మనిషి పాత జన్మను మరిచిపోయినా కర్మ వెంట వస్తుంది. ఇక్కడ బొమ్మ మరిచిపోతుంది, వేళ్లు గుర్తుపెట్టుకుంటాయి. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి, ఒకటి పండు తింటుంది, రెండోది ఊరక చూస్తుంది. తెర లోపలి పిల్లవాడు మొదటి పక్షి, తెర బయటివాడు రెండోది అనుకుందామంటే పూర్తిగా పొసగదు. బయటి పక్షికీ పండు కావాలి. తన రెక్కకు దెబ్బ తగలకుండా లోపలి పక్షిని కొమ్మ చివరిదాకా పంపిస్తున్నది అదే.

ఎవరిని పంపిస్తున్నాం? అసలు ప్రశ్న ఇది. దీన్ని ఎదురుగా నిలబెట్టిన ఆట 'లెమ్మింగ్స్'. స్కాట్లాండ్‌లోని డండీ పట్టణంలో డిఎంఎ డిజైన్ సంస్థ తయారుచేసింది. 1991 ఫిబ్రవరిలో వచ్చింది. పచ్చజుట్టు, నీలి అంగీ, వేలెడంత కూడా లేని జీవులు. పైన తలుపు తెరుచుకుంటుంది, ఒక్కొక్కటే కిందికి రాలుతుంది, ఎదురుగా ఏముందో చూడకుండా నడుస్తూనే ఉంటుంది. ముందు నీళ్లుంటే నీళ్లలో, యాసిడ్ ఉంటే యాసిడ్‌లో, లావా ఉంటే లావాలో పడిపోతుంది. నీళ్లలో పడ్డది రెండు చేతులూ ఆడించి మునిగిపోతుంది. ఆడేవాడు కొన్నింటికి పనులు అప్పగించాలి. ఒకటి వంతెన కడుతుంది, ఒకటి సొరంగం తవ్వుతుంది, ఒకటి చేతులు చాపి అడ్డంగా నిలబడి మిగతావాటిని ఆపుతుంది. ఇలా ఎనిమిది విద్యలు, 120 అంకాలు. ఒక్కో అంకానికీ ఒక షరతు: నూటికి ఇంతమందిని గట్టెక్కించాలి.

లెమ్మింగులు గుంపుగా వెళ్లి సముద్రంలో దూకి చస్తాయన్న కథ మీద ఈ ఆట కట్టారు. ఆ కథ అబద్ధం. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఈ చిన్న జంతువులు సంఖ్య పెరిగినప్పుడు వలస పోతాయి, ఏరు దాటబోయి కొన్ని మునిగిపోతాయి. ఆత్మహత్య చేసుకోవు. ఆ అపోహ లోకమంతా పాకడానికి పెద్ద కారణం డిస్నీ సంస్థ 1958లో తీసిన 'వైట్ వైల్డర్‌నెస్' అనే డాక్యుమెంటరీ. లెమ్మింగులే లేని కెనడాలోని ఆల్బెర్టాకు వేరే చోటు నుంచి వాటిని కొని తెచ్చి, నదిలోకి తోసి, అవే దూకినట్టు చూపించారు. ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. 1982లో కెనడా ప్రభుత్వ టెలివిజన్ ఈ మోసాన్ని బయటపెట్టింది. అమాయక ప్రాణుల్ని నీళ్లలోకి తోసిన చెయ్యి కనబడకుండా, తప్పంతా వాటి మూర్ఖత్వం మీదికి నెట్టారు. చావును చచ్చినవాడి బుద్ధి మీదికి తోసేయడం మనుషుల విషయంలోనూ జరుగుతూనే ఉంది. మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక చనిపోయిన కార్మికుడి గురించి 'జాగ్రత్తగా ఉండాల్సింది' అనేవాళ్లు ప్రతిసారీ కనిపిస్తారు.

ఆట మటుకు నిజాయితీగా ఉంది. తోసే చెయ్యి ఆడేవాడిదేనని దాచదు. అడ్డంగా నిలబెట్టిన లెమ్మింగ్‌ను తర్వాత విడిపించాలంటే చాలాసార్లు పేల్చేయడం తప్ప వేరే దారి దొరకదు. దాని తల మీద 5 నుంచి అంకెలు తగ్గుతూ వస్తాయి, చివరి క్షణంలో అది తల పట్టుకుంటుంది. మిగతా వంద నీళ్లలో పడకుండా ఒక్కదాన్ని చంపడం సబబేనా?

1967లో బ్రిటిష్ తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ ఇదే ప్రశ్నను పట్టాల మీద అదుపు తప్పిన ట్రామ్ రూపంలో వేసింది. ఒక దారిలో ఐదుగురు, ఇంకో దారిలో ఒక్కడు. ట్రామ్‌ను రెండో దారికి మళ్లించవచ్చా? కోరి చేసిన కీడుకూ, జరుగుతుందని తెలిసీ ఆపలేకపోయిన కీడుకూ తేడా ఉందని 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్ నుంచి వస్తున్న వాదం. వంతెన పూర్తయ్యేలోపు రెండు లెమ్మింగులు నీళ్లలో పడటం రెండో రకం; పేల్చడం మొదటి రకం. షరతు పలకకు ఆ తేడా తెలియదు. అది శాతాన్నే చూస్తుంది. 80 అడిగితే 80 ఇస్తే చాలు. మిగతా 20 ఎవరు? అన్నింటికీ ఒకే పచ్చజుట్టు, ఒకే నీలి అంగీ. ముఖం లేనప్పుడు లెక్క వేయడం ఎంత తేలికో ఈ ఆట నేర్పుతుంది. పాలించేవాళ్లూ, ప్రాజెక్టుల కింద ఊళ్లు ముంచేవాళ్లూ ఆ తేలికను బాగా ఎరుగుదురు.

మన సాహిత్యంలో చిక్కుప్రశ్నా, ప్రాణం తీసే నీరూ ఒకేచోట కలిసిన ఘట్టం ఒకటి ఉంది. అరణ్యపర్వం చివర, ఎర్రన తెలుగు చేసిన భాగంలో వస్తుంది. బ్రాహ్మణుడి అరణిని కొమ్ములకు తగిలించుకుని పారిపోయిన లేడిని తరిమి తరిమి పాండవులు దప్పికతో సోలిపోతారు. నీళ్లకు మొదట నకులుడు వెళతాడు. నా ప్రశ్నలకు జవాబు చెప్పి తాగమని ఒక గొంతు హెచ్చరిస్తుంది. లెక్కచేయక తాగి పడిపోతాడు. తర్వాత సహదేవుడు, అర్జునుడు, భీముడు. ప్రతివాడూ ముందు పడిపోయినవాణ్ణి చూశాడు, గొంతు విన్నాడు, అయినా తాగాడు. లింబో ఆడేవాడు ఒక చావుతో దారి మార్చుకుంటాడు. గాండీవం ఉన్నవాడికి రెండో చావు కూడా పాఠం కాలేదు. దప్పిక అలాంటిది, అహంకారం కూడా అలాంటిదే. ఐదోవాడైన ధర్మరాజు ఆగి, తమ్ముళ్ల ఒంటి మీద ఆయుధపు గాటు లేకపోవడం గమనించి, జవాబులు చెప్పాకే నీటివైపు చూశాడు.

యక్షప్రశ్నలు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ జవాబుల వరసే. అన్నింటికన్నా కష్టమైన ప్రశ్న చివర వచ్చింది. నలుగురిలో ఒక్కణ్ణి బతికిస్తాను, ఎవరు కావాలో కోరుకో అన్నాడు యక్షుడు. ముందు యుద్ధం ఉంది. లెక్క ప్రకారం అర్జునుడో, భీముడో కావాలి. ధర్మరాజు నకులుణ్ణి అడిగాడు. కుంతికి నేను మిగిలాను, మాద్రికీ ఒకడు మిగలాలి అన్నాడు. అది గెలుపుకు పనికొచ్చే జవాబు కాదు. లెమ్మింగ్స్ షరతు పలక దాన్ని తప్పు అంటుంది. ఆ జవాబు విన్నాకే యక్షుడు, అంటే యక్షుడి రూపంలో ఉన్న ధర్ముడు, నలుగురినీ లేపాడు.

ఆటలు తయారుచేసే తెలుగు కుర్రవాళ్లు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ, విదేశాల్లోనూ ఎంతోమంది ఉన్నారు. వారు ఆ యక్షుడి మడుగును తెర మీదికి తేవాలి. ఎందరు బతికారని లెక్కించి ఊరుకోకుండా, ఎవరిని ఎందుకు కోరుకున్నావని కూడా అడిగే ఆటగా తేవాలి. అది వచ్చేలోపు ఇంట్లో పిల్లవాడు నిప్పు అబ్బాయినీ, నీటి అమ్మాయినీ రెండు చేతులతో ఒక్కడే నడపలేక అవస్థపడుతుంటే, పక్కన కుర్చీ లాక్కుని కూర్చోండి. ఆ ఆటకు ఇద్దరు కావాలి.